యాభై ఎత్తుల లెక్క: గెలిచే ఆట డ్రా ఎందుకవుతుంది?

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. చదరంగం చరిత్రలో ఒక చిన్న నియమం గురించి రాస్తున్నాం. ఆట రానివాళ్లకు కూడా అర్థమయ్యేలాగే రాశాం.

పోయిన నెల మా రూంలో ఒక గొడవ జరిగింది. మేం నలుగురం ఉంటాం, బోర్డు ఒకటే. అది మా సీనియర్ అన్న ఒకాయన వదిలి వెళ్లిన బోర్డు. ఆయన సంగతి చివర్లో చెప్తాం. అందులో నల్ల బంటు ఒకటి పోయింది, దాని బదులు సీసా మూత పెట్టి ఆడతాం. ఆ రాత్రి అన్నం తిన్నాక ఇద్దరు ఆటకు కూర్చున్నారు, మిగతా ఇద్దరం చుట్టూ చేరాం. పదకొండు దాటేసరికి బోర్డు దాదాపు ఖాళీ. తెల్లవైపు రాజు, రెండు ఒంటెలు. నల్లవైపు రాజు, ఒక్క గుర్రం. (పుస్తకాల్లో శకటు అని రాసేదాన్ని మా దగ్గర ఒంటె అంటాం. ఇక్కడా అలాగే రాస్తాం.)

"ఇంకేముంది, ఒప్పుకోరా" అన్నాడు తెల్లవాడు.

"ఒప్పుకోను. యాభై లెక్కపెట్టు" అన్నాడు నల్లవాడు.

సరే అని గోడమీద చాక్‌పీసుతో గీతలు పెట్టడం మొదలుపెట్టాం. నాలుగు నిలువు గీతలు, వాటిమీద ఒక అడ్డగీత. అలాంటివి పది కట్టలయ్యాయి. ఒంటెలు తరుముతూనే ఉన్నాయి, గుర్రం తప్పించుకుంటూనే ఉంది. యాభయ్యో గీత పడగానే నల్లవాడు లేచి చేతులెత్తాడు. "డ్రా!" తెల్లవాడు ఒప్పుకోలేదు. "గెలిచే ఆట ఇది, ఇంకో పది ఎత్తులిస్తే అయిపోయేది" అని పట్టుబట్టాడు. వాచ్‌మన్ తాత వచ్చి లైటు ఆపేదాకా అరుపులే.

గీతలు మొదలుపెట్టినప్పుడు పావులు ఎక్కడెక్కడ ఉన్నాయో మాలో ఒకడు నోట్‌బుక్‌లో గీసి పెట్టుకున్నాడు. మర్నాడు లైబ్రరీ కంప్యూటర్లో లీచెస్ తెరిచి ఆ పొజిషన్ పెట్టాం. బోర్డుమీద రాజులతో కలిపి ఏడు పావులు లేదా అంతకన్నా తక్కువ ఉంటే, ఆట ఎలా ముగుస్తుందో అది ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. మాకు వచ్చిన జవాబు ఏంటంటే, తెల్లది గెలుస్తుంది, కానీ ఆ గెలుపును యాభై ఎత్తుల నియమం అడ్డుకుంటుంది.

అంటే ఇద్దరూ కరెక్టే! గెలుపు ఉంది, కానీ రాదు. ఇదేం న్యాయం, ఈ యాభై ఎవరు పెట్టారు అని నలుగురం దాని వెంట పడ్డాం. నెల రోజులు చదివి తెలుసుకున్నది ఇది.

నియమం ఏం చెప్తుంది

రెండువైపులా యాభై యాభై ఎత్తులు ఆడినా ఒక్క పావు కూడా చావకుండా, ఒక్క బంటు కూడా కదలకుండా ఉంటే, ఎత్తు వంతు ఉన్న ఆటగాడు డ్రా అడగొచ్చు. ఎవరూ అడగకపోతే ఆట సాగుతుంది. 2014 నుంచి ఇంకో మాట చేర్చారు. అలా డెబ్భై అయిదు ఎత్తులు గడిస్తే, ఎవరూ అడగకపోయినా అంపైరే డ్రా ప్రకటించాలి.

ఇందులో ముఖ్యమైన ముక్క ఒకటి ఉంది, గుర్తుపెట్టుకోండి. మధ్యలో ఎప్పుడైనా ఒక పావు చస్తే, లేదా ఒక్క బంటు ఒక్క గడి కదిలితే, లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. ఎందుకంటే చచ్చిన పావు తిరిగి రాదు, కదిలిన బంటు వెనక్కి పోదు. ఆట ముందుకు నడిచింది అనడానికి అదే సాక్ష్యం.

మా ఊళ్లో బండమీద బొగ్గుతో గీసుకుని పులి-మేక ఆడేవాళ్లం. మూడు పులులు, పదిహేను మేకలు. అక్కడ ఇలాంటి లెక్కేం లేదు. విసుగొస్తే లేచిపోవడమే. కానీ పోటీ హాల్లో అలా కుదరదు. గెలవలేనివాడు, ఓటమి ఒప్పుకోనివాడు ఇద్దరూ మొండికేస్తే రెండు రాజులు తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటాయి. ఎక్కడో ఒకచోట గీత గీయాలి. అందుకే నియమం పుట్టింది. ఇంతవరకు మాకూ అభ్యంతరం లేదు. అసలు ప్రశ్న ఏంటంటే, ఆ గీత యాభై దగ్గరే ఎందుకు?

యాభై ఎక్కడినుంచి వచ్చింది

చదరంగం మన దేశంలో చతురంగంగా పుట్టి, పర్షియాకు, అక్కడినుంచి అరబ్బు దేశాలకు, ఆ తర్వాత యూరప్‌కు పోయింది. పదిహేనో శతాబ్దం చివర్లో యూరప్‌లో మంత్రికి, ఒంటెకు ఇప్పుడున్న పొడవాటి నడక వచ్చింది. ఆ కొత్త ఆటమీద స్పెయిన్‌కు చెందిన రూయ్ లోపెజ్ అనే మతగురువు 1561లో పుస్తకం రాశాడు. యాభై ఎత్తుల మాట అందులో ఉంది.

ఆయన దగ్గర కంప్యూటర్ లేదు. అప్పట్లో తెలిసిన ముగింపులన్నీ యాభైలోపు అయిపోతాయని అనుభవం మీద వేసుకున్న అంచనా అది. చాలావాటికి ఆ అంచనా సరిపోతుంది కూడా. రాజు, మంత్రి కలిసి ఒంటరి రాజును కట్టేయడానికి ఎంత చెడ్డ చోటునుంచి మొదలుపెట్టినా పది ఎత్తులు చాలు. రాజు, ఏనుగు అయితే పదహారు. రెండు ఒంటెలు అయితే పంతొమ్మిది. ఒంటె, గుర్రం కలిసి కట్టడం కష్టమే, అయినా ముప్పై మూడులో అయిపోతుంది. యాభై అంటే చాలా ఉదారంగా ఇచ్చినట్టే కనిపిస్తుంది.

కానీ ఆయనకు తెలిసిన ఆటలకే అది సరిపోతుంది. తెలియనివాటి సంగతి ఆ లెక్కలో లేదు.

అడవి ఉద్యోగి చేసిన లెక్క

మొదట ఆ గీతను దాటి చూసినవాళ్లలో గొప్పవాడు అలెక్సీ ట్రోయిట్‌స్కీ. రష్యాలో 1866లో పుట్టాడు. స్మొలెన్‌స్క్ ప్రాంతంలో అటవీశాఖలో పనిచేశాడు. అటవీశాఖ ఉద్యోగి అంటే మనకు వేరే జ్ఞాపకాలు వస్తాయి గానీ, ఈయన ఖాళీ టైమంతా అడవిలో కూర్చుని చదరంగం ముగింపులు తవ్వాడు.

ఆయన పట్టుకున్న సమస్య ఇది. రాజు, రెండు గుర్రాలు ఒకవైపు. ఒంటరి రాజు ఇంకోవైపు. ఎదుటివాడు తప్పు చేస్తే తప్ప ఇందులో గెలుపు లేదు. గుర్రాలు రాజును మూలకు తరమగలవు, కానీ చివరి దెబ్బ వేసే ముందు ఎత్తులో ఆ రాజుకు కదలడానికి గడి ఉండదు, చెక్ కూడా ఉండదు. అంటే స్టేల్‌మేట్, ఆట డ్రా.

ఇప్పుడు ఆ ఒంటరి రాజుకు ఒక బంటు ఇవ్వండి. బలం పెరిగింది కదా? కానీ చిత్రంగా, ఇప్పుడే ఓడిపోతాడు! ఎందుకంటే రాజు కదలలేకపోయినా ఆ బంటు కదలగలదు. కదలగలిగితే స్టేల్‌మేట్ కాదు. ఆ ఒక్క అడుగు వేసే లోపల గుర్రాలు వచ్చి ఆట కట్టేస్తాయి. ఒక గుర్రం బంటుకు అడ్డంగా నిలబడాలి. రెండో గుర్రం, రాజు కలిసి ఎదుటి రాజును మూలకు తోలాలి. సరైన క్షణంలో అడ్డంగా ఉన్న గుర్రం దిగి రావాలి. బంటు ఎంత ముందుకు వచ్చి ఉంటే గెలుపు ఖాయమో, ఎక్కడ దాటితే ఖాయం కాదో ట్రోయిట్‌స్కీ ఒక్కో నిలువు వరుసకు తేల్చి చెప్పాడు. దాన్ని ఇప్పటికీ ట్రోయిట్‌స్కీ గీత అంటారు. దశాబ్దాల తర్వాత కంప్యూటర్లు సరిచూస్తే, చేత్తో చేసిన ఆ లెక్క ఆశ్చర్యపోయేంత సరిగ్గా ఉంది.

అయితే బంటు ఆగి ఉన్నంతసేపు లెక్క నడుస్తూనే ఉంటుంది. కొన్నిచోట్ల ఈ గెలుపుకు నూట పదిహేను ఎత్తుల దాకా కావాలి. యాభై ఎక్కడ, నూట పదిహేను ఎక్కడ! గెలుపు ఉందని ఆయన నిరూపించాడు, అందుకోవడానికి నియమం ఒప్పుకోదు. ట్రోయిట్‌స్కీ 1942లో లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో ఆకలితో చనిపోయాడు. అది చదివిన రోజు మా రూంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

వెనకనుంచి మొదలుపెట్టడం

ట్రోయిట్‌స్కీలాంటివాళ్లు ఒక్కో ముగింపుకు ఏళ్లకేళ్లు పెట్టారు. కంప్యూటర్ ఇంకో దారిలో వచ్చింది. ఈ పద్ధతి మాకు బాగా నచ్చింది, అందుకే కాస్త వివరంగా చెప్తాం.

కొత్తగా వచ్చినవాడికి సంతనుంచి మా ఊరికి దారి చెప్పాలనుకోండి. సంత దగ్గర నిలబడి ఒక్కో బాటా వెతికితే పొద్దుపోతుంది. బదులుగా ఊరినుంచి మొదలుపెట్టాలి. ఊరికి ఒక్క అడుగు దూరంలో ఉన్న చోట్లన్నిటికీ "ఒకటి" అని గుర్తు పెట్టు. వాటికి ఒక్క అడుగు దూరంలో ఉన్నవాటికి "రెండు". అలా పెట్టుకుంటూ వెనక్కి పోతే చివరికి సంత కూడా వస్తుంది. ఆ తర్వాత ఎక్కడ నిలబడ్డా అంకె తగ్గే వైపు నడిస్తే చాలు, ఊరు వచ్చేస్తుంది.

చదరంగంలో ఊరు అంటే ఆట కట్టిన పొజిషన్. ముందు రాజు చిక్కుకుపోయిన పొజిషన్లన్నీ రాసుకోవాలి. తర్వాత ఒక్క ఎత్తులో అక్కడికి చేరేవి ఏవో గుర్తించాలి. ఎదుటివాడు ఏం ఆడినా తప్పించుకోలేక వాటిలోకే వచ్చి పడేవి ఏవో గుర్తించాలి. ఇలా గుర్తు పెట్టడానికి ఇంకేం మిగలనంతవరకు వెనక్కి పోవాలి. చివరికి ఏ గుర్తూ పడనివి డ్రా అన్నమాట. ఇందులో అంచనా లేదు, అభిప్రాయం లేదు. ఇలా తయారైన పట్టికలనే టేబుల్‌బేస్ అంటారు.

ఈ ఆలోచనను రిచర్డ్ బెల్‌మన్ అనే గణిత శాస్త్రవేత్త 1965లో చెప్పాడు. జర్మనీలో థామస్ ష్ట్రోలైన్ 1970లో తన పరిశోధనలో కొన్ని చిన్న ముగింపులకు చేసి చూపించాడు. కష్టమంతా సైజులో ఉంది. నాలుగు పావులను 64 గళ్లలో పెట్టే తీరులు పైపై లెక్కకే 1 కోటి 67 లక్షలు. ఐదు పావులయితే 107 కోట్లు. ఆరు పావులయితే 6,800 కోట్లు దాటతాయి. ఒక్కో పావు పెరిగితే 64 రెట్లు. పోలికలు ఉన్నవాటిని కలిపేసి తగ్గించినా కొండంత పని.

గ్రాండ్‌మాస్టర్ పందెం

1970ల చివర్లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే కెన్ థాంప్సన్ మంత్రి, ఏనుగు మధ్య ముగింపుకు పూర్తి పట్టిక తయారుచేశాడు. (మన కంప్యూటర్ సైన్స్ వాళ్లకు ఈయన తెలుసు. యూనిక్స్ తయారుచేసినవాళ్లలో ఒకడు.) మంత్రి ఉన్నవాడు గెలుస్తాడని పుస్తకాలన్నీ రాశాయి, అది సులువని కూడా రాశాయి. అమెరికా చాంపియన్ వాల్టర్ బ్రౌన్ అదే నమ్మకంతో పందేనికి కూర్చున్నాడు. మంత్రి ఆయనది, ఏనుగు కంప్యూటర్‌ది.

ఏనుగు రాజు పక్కనే ఉండాలని పుస్తకాలు చెప్పేవి. కంప్యూటర్ దాన్ని మనిషి ఊహించని చోటుకు దూరంగా తీసుకెళ్లేది. చూస్తే పిచ్చి ఎత్తులా ఉంటుంది, కానీ పట్టుకోవడం కష్టం. ఎంత చెడ్డ చోటునుంచైనా ముప్పై ఒక్క ఎత్తుల్లో అయ్యే పని అది. బ్రౌన్ యాభైలో పూర్తి చేయలేకపోయాడు. ఇంటికి పోయి ఆ ముగింపును మళ్లీ మొదటినుంచి నేర్చుకుని, కొన్నాళ్లకు తిరిగొచ్చి ఆడాడు. ఈసారి సరిగ్గా యాభయ్యో ఎత్తులో ఏనుగును కొట్టాడు. ఒక్క ఎత్తు ఆలస్యమైతే పందెం పోయేదే.

ఈ కథ మా నలుగురికీ ఎంత నచ్చిందంటే, తిరిగి తిరిగి చెప్పుకున్నాం. దేశం చాంపియన్ కూడా "ఇది నాకు వచ్చు" అనుకున్నది నిజానికి రాదని తెలుసుకున్నాడు. సిగ్గుపడి ఊరుకోలేదు, నేర్చుకుని వచ్చాడు.

నియమం వంగింది, మళ్లీ నిటారైంది

1983లో థాంప్సన్ మా రూంలో గొడవపెట్టిన ముగింపు దగ్గరికే వచ్చాడు. రెండు ఒంటెలు, ఒక గుర్రం. 1851లో క్లింగ్, హార్విట్జ్ అనే ఇద్దరు ఒక పుస్తకంలో ఒక పొజిషన్ చూపించారు. గుర్రం మూల దగ్గర రాజును ఆనుకుని కోటలా నిలబడితే ఒంటెలు ఏం చేయలేవని, అది డ్రా అని చెప్పారు. నూట ముప్పై ఏళ్లు అందరూ దాన్నే నమ్మారు. కంప్యూటర్ పట్టిక ఏం చెప్పిందంటే, ఆ కోట శాశ్వతం కాదు. కాస్త ఓపిక పడితే గుర్రం, రాజు బయటికి రాక తప్పదు. ఇంకో మూలలో మళ్లీ కోట కట్టుకుందామంటే ఒంటెలు కట్టనివ్వవు. కాకపోతే చెడ్డ చోటునుంచి మొదలైతే అరవై ఆరు ఎత్తుల దాకా పడుతుంది.

అలాంటివి ఇంకా బయటపడ్డాయి. ఏనుగు, ఒంటె కలిసి ఒక ఏనుగు మీద: 59 దాకా. మంత్రి రెండు గుర్రాల మీద: 63 దాకా. మంత్రి రెండు ఒంటెల మీద: 71 దాకా. అన్నీ యాభై దాటినవే.

ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడేకు ఇది తలనొప్పి అయింది. 1984లో కొన్ని ముగింపులకు నూరు ఎత్తుల దాకా అనుమతి ఇచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్లకే దాన్ని డెబ్భై అయిదుకు తగ్గించి, ఆరు రకాల ముగింపులకే వర్తిస్తుందని జాబితా వేశారు. ఆ ఆరులో రెండు ఒంటెలు-గుర్రం ఉంది. ట్రోయిట్‌స్కీ గారి రెండు గుర్రాలు-బంటు కూడా ఉంది. అంటే మా రూం గొడవ ఆ రోజుల్లో జరిగి ఉంటే, మా తెల్లవాడికి ఇంకో పాతిక ఎత్తులు దొరికేవి!

ఈ వెసులుబాటు ఎంత దూరం పోయిందో 1989లో బెల్‌గ్రేడ్‌లో తెలిసింది. ఇవాన్ నికోలిచ్, గొరాన్ అర్సోవిచ్ ఆడిన ఆట ఏనుగు-ఒంటె, ఏనుగు ముగింపులోకి వచ్చి, పెంచిన హద్దు వల్ల సాగి సాగి 269 ఎత్తులయింది. ఇరవై గంటల పైనే పట్టింది. చివరికి డ్రా!

1991లో ల్యూయిస్ స్టిల్లర్ 65,536 ప్రాసెసర్లున్న కనెక్షన్ మెషీన్ అనే పెద్ద కంప్యూటర్ మీద ఆరు పావుల ముగింపులు వెతికాడు. ఏనుగు, ఒంటె కలిసి రెండు గుర్రాల మీద గెలవడానికి ఒకచోట 223 ఎత్తులు కావాలని తేలింది. ఆ తర్వాత ఏనుగు, గుర్రం కలిసి రెండు గుర్రాల మీద 243. ఇక ఏ హద్దు పెట్టాలి? నూరు చాలదు, రెండొందలు చాలదు. 1992లో ఫిడే మినహాయింపులన్నీ తీసేసి, అందరికీ మళ్లీ యాభై అంది. నాలుగు శతాబ్దాల కిందటి అంకెకే తిరిగొచ్చింది.

మొదట మాకు కోపం వచ్చింది. నిజం తెలిశాక కూడా పాత అంచనాకే పోతారా అని. తర్వాత ఆలోచిస్తే వాళ్ల ఇబ్బంది కూడా అర్థమైంది. 243 ఎత్తులు మనుషులు ఆడాలంటే హాలు ఎవరు తెరిచి పెట్టాలి, అంపైరు ఎన్ని రోజులు కూర్చోవాలి? పైగా ఆ 243 ఎత్తులను తప్పు లేకుండా ఆడగల మనిషి ఎవరు?

ఆ మాటకొస్తే, ఉన్న యాభై కూడా మనుషులకు ఒక్కోసారి చాలదు. 2013లో జెనీవాలో మహిళల గ్రాండ్ ప్రి జరిగింది. అప్పటి ప్రపంచ మహిళా చాంపియన్ అన్నా ఉషెనినాకు ఓల్గా గిర్యా మీద రాజు, ఒంటె, గుర్రం మిగిలాయి. ఎదురుగా ఒంటరి రాజు. ముప్పై మూడులో అయ్యేది. ఉషెనినాకు యాభైలో కాలేదు, ఆట డ్రా అయింది. ప్రపంచ చాంపియన్‌కే అలా జరిగితే మా తెల్లవాడెంత!

శాపం తగిలిన గెలుపు

2012లో మాస్కో స్టేట్ యూనివర్సిటీలో లొమొనొసొవ్ అనే సూపర్ కంప్యూటర్ మీద ఏడు పావుల పట్టికలు పూర్తి చేశారు. వాటి సైజు దాదాపు 140 టెరాబైట్లు. అందులో ఆట కట్టడానికి ఐదొందల నలభైకి పైగా ఎత్తులు కావలసిన పొజిషన్ ఒకటి దొరికింది.

2013లో రొనాల్డ్ డి మాన్ అనే ఆయన సిజిజీ అనే కొత్తరకం పట్టికలు తయారుచేశాడు. వాటి ప్రత్యేకత ఏంటంటే యాభై ఎత్తుల నియమాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి. అందుకే వాటిలో జవాబులు మూడు కాదు, ఐదు. గెలుపు, ఓటమి, డ్రా అనేవి మామూలు. నాలుగోది, గెలుపే గానీ యాభై దాటిపోతుంది. దీన్ని ఇంగ్లీషులో కర్స్‌డ్ విన్ అంటారు, శాపం తగిలిన గెలుపు అనుకోవచ్చు. ఐదోది దానికి అటువైపు ఉన్నవాడిది, దీవెన దొరికిన ఓటమి. మేం లైబ్రరీలో చూసినది ఆ నాలుగోదే.

ఇంకో విషయం. ఉత్తరాల ద్వారా, ఇప్పుడు నెట్ ద్వారా నెలల తరబడి ఆడే కరెస్పాండెన్స్ చదరంగానికి వేరే సమాఖ్య ఉంది, ఐసీసీఎఫ్. 2014 నుంచి మొదలైన వాళ్ల పోటీల్లో ఆరు పావులు మిగిలితే పట్టిక చూపించి గెలుపు అడగొచ్చు. అప్పుడు యాభై నియమం వర్తించదు, ఎన్ని ఎత్తులు పడుతుందో అడగరు. 2020లో దాన్ని ఏడు పావులకు పెంచారు. అంటే అక్కడ శాపం లేదు. హాలు మూసే పని లేదు, నిలబడి కాపలా కాసే అంపైరు లేడు, కాబట్టి నిజాన్ని నిజంగా ఒప్పుకోగలిగారు.

దీన్ని బట్టి మాకు అర్థమైంది ఒక్కటే. హద్దు అనేది ఆటలో పుట్టిన సత్యం కాదు. ఆటను నడిపేవాళ్ల వీలు కోసం పెట్టుకున్నది. వీలు కూడా అవసరమే. కానీ వీలును సత్యం అనుకోకూడదు. "యాభైలో గెలవలేదు" అంటే "గెలిచే ఆట కాదు" అని అర్థం కాదు.

అన్న సంగతి

ఇప్పుడు ఆ బోర్డు వదిలి వెళ్లిన అన్న గురించి.

అన్న మాకన్నా చాలా ముందు ఇదే హాస్టల్లో ఉండి చదివాడు. వాళ్ల ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటివాడు, మాలాగే. పదోదాకా తెలుగు మీడియం, ఇంటర్ అయ్యాక నేరుగా ఇంగ్లీషులో ఇంజినీరింగ్. మొదటి రెండేళ్లలో పద్నాలుగు సబ్జెక్టులు మిగిలాయి. నాలుగేళ్లు కాగానే హాస్టల్ సీటు పోయింది, స్కాలర్‌షిప్ ఆగింది. ఊరికి పోయి పనిచేసుకుంటూ, సప్లీ పరీక్షలు పడ్డప్పుడల్లా బస్సెక్కి వచ్చి మా రూంలో చాప వేసుకుని పడుకునేవాడు. పరీక్ష అయ్యాక సాయంత్రం మాకు చదరంగం నేర్పేవాడు. ఏనుగుతో ఎలా కట్టాలో, బంటును ఎప్పుడు తోయాలో అన్నీ ఆయన చెప్పినవే.

పద్నాలుగు పదయ్యాయి. పది ఆరయ్యాయి. ఆరు మూడయ్యాయి. చివరికి ఒక్కటే మిగిలింది, మ్యాథ్స్. అప్పుడు తెలిసింది, కోర్సు మొదలైన రోజునుంచి ఎనిమిదేళ్లలో అన్నీ అయిపోవాలని. ఎనిమిదేళ్లు అయిపోయాయి. ఆఫీసులో అడిగితే రూల్స్ పుస్తకం తీసి చూపించారు. అందులో ఉంది. మొదటి రోజునుంచీ ఉంది. ఎనిమిదేళ్లలో ఆయనకు ఆ పేజీ చూపించినవాళ్లు ఒక్కరూ లేరు.

చదరంగంలో ఒక్క పావు చస్తే లెక్క మళ్లీ సున్నా అని చెప్పాం కదా. ఆట ముందుకు నడిచింది అనడానికి అది సాక్ష్యం అని. అన్న పదమూడు పావులు కొట్టాడు. ఒక్కసారి కూడా లెక్క సున్నా కాలేదు.

నియమమే ఉండకూడదని మేం అనట్లేదు. కాలేజీ కూడా హాలులాంటిదే, ఎప్పుడో ఒకప్పుడు మూయాలి. కానీ ఆ ఎనిమిది అనే అంకె వేసినవాళ్లు ఎవరి ఆటలు చూసి వేశారో ఆలోచించాలి. ఇంట్లో ఇంగ్లీషు పుస్తకం ఉన్నవాడికి ముప్పై ఎత్తుల్లో అయ్యే ముగింపు, మనకు అరవై ఆరు కావచ్చు. రెండూ గెలుపే.

ఆ సాయంత్రం అన్న ఏం మాట్లాడలేదు. పొద్దున బస్సుకు పోతూ, "బోర్డు మీ దగ్గరే ఉంచుకోండిరా, అక్కడ ఆడేవాళ్లెవరూ లేరు" అన్నాడు. అంతే.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేది

ఈ జులైలో కొత్తగా చేరబోయేవాళ్లు రెండు పనులు చేయండి. ఒకటి, చేరిన వారంలోనే మీ కాలేజీ రూల్స్ పుస్తకం అడిగి తీసుకోండి. కోర్సుకు గరిష్ఠంగా ఎన్నేళ్లు, ఎన్ని క్రెడిట్లు లేకపోతే పై ఏడాదికి పంపరు, హాస్టల్ సీటు ఎంతవరకు, స్కాలర్‌షిప్ ఎప్పుడు ఆగుతుంది, ఈ నాలుగూ రాసి గోడకు అంటించుకోండి. ఎదుటివాడు లెక్కపెడుతుంటే మనం పెట్టకుండా ఆడకూడదు. రెండు, "ఇది నాకు వచ్చు" అనుకున్నదాన్ని ఒకసారి బ్రౌన్ లాగా పరీక్షించుకోండి. రాకపోతే దాచుకోకండి, ముందే అడగండి. పద్నాలుగు అయ్యేదాకా ఆగకండి.

పెద్దవాళ్లకు ఒక మనవి. మీ మీ యూనివర్సిటీలో ఈ గడువులు ఎంతో, ఎప్పుడైనా ప్రత్యేక అవకాశం ఇచ్చారో తెలిసినవాళ్లు ఇక్కడ రాయండి. అన్నకు మిగిలింది ఒక్క సబ్జెక్టే. దారి ఏదైనా ఉంటే మేం నలుగురం ఆయన్ను బస్సెక్కించి తీసుకొస్తాం.

మా గోడమీద ఆ పది కట్టల గీతలు ఇంకా ఉన్నాయి, చెరపలేదు. వాటి పక్కన మా నలుగురి పేర్లు, ఎవరికి ఎన్ని సబ్జెక్టులు మిగిలాయో, ఏ సంవత్సరంతో గడువు అయిపోతుందో రాసుకున్నాం. పోయిన ఆదివారం తెల్లవాడు, నల్లవాడు మళ్లీ అదే పొజిషన్ పెట్టుకుని కూర్చున్నారు. ఈసారి పందెం డ్రా గురించి కాదు. యాభై దాటినా సరే, అరవై ఆరులో కట్టగలడా లేదా అని. డెబ్భై ఒకటి పట్టింది. అయినా కట్టాడు. నల్లవాడే లేచి చప్పట్లు కొట్టాడు.